షిప్పు తొమ్మిదికి ఆగుతుంది, ఆరింటికి పోతుంది

ప్రశ్న: మేడమ్, వచ్చే నెల ముంబైలో షిప్పెక్కి కొచ్చి వెళ్తున్నాం. నేను, మావారు, పదకొండేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు. షిప్పు ఉదయం 9కి కొచ్చిలో ఆగి సాయంత్రం 6కి బయల్దేరుతుందట. గురువాయూరు దర్శనం కావాలని అత్తగారు, అలెప్పీలో హౌస్‌బోట్ అని మావారు, లులు మాల్ అని బాబు. ముగ్గురి ముచ్చటా ఎలా తీర్చాలి?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: తీర్చలేరమ్మా. ముందు గంటలు లెక్కపెట్టండి. తొమ్మిదికి ఆగిందంటే మీరు లైన్లో నిలబడి నేల మీద కాలు పెట్టేసరికి పది. ఆరింటికి బయల్దేరే షిప్పు ఐదింటికల్లా అందరూ ఎక్కేయాలంటుంది. నేనైతే నాలుగున్నరకే గేటు దగ్గరుంటాను. చేతిలో మిగిలేది ఆరున్నర గంటలు. గురువాయూరు ఎనభై కిలోమీటర్ల పైనే. మీరు చేరేసరికి మధ్యాహ్నం గుడి మూసే వేళ దగ్గరపడుతుంది. అలెప్పీ యాభై కిలోమీటర్ల పైచిలుకు. కాగితం మీద గంటన్నరే.

ఆ కాగితాన్ని నమ్మి నేనే మోసపోయాను. సికింద్రాబాద్‌లో ఒక ట్రావెల్ ఆఫీసులో ఇరవై ఏడేళ్లు కూర్చుని ఊరందరికీ ప్లాన్లు వేసిచ్చినదాన్ని, నా మొదటి షిప్పు ప్రయాణంలో అలెప్పీకే టాక్సీ కట్టాను. తిరిగొచ్చేటప్పుడు హైవే మీద లారీల వెనక ఇరుక్కున్నాం. మావారు వాచీ చూడటం మానేసి హనుమాన్ చాలీసా అందుకున్నారు. గేటు మూసేయడానికి ఇరవై నిమిషాల ముందు చేరాం. ఆ రోజు తిన్న చేప రుచి గుర్తులేదు గానీ, మా ముందున్న లారీ నంబరు ఇప్పటికీ నోటికొచ్చు.

అందుకని నా మాట ఒక్కటే: నీళ్లకు ఇటుపక్క, పాత కొచ్చిలోనే తిరగండి, అటుపక్కనున్న ఎర్నాకుళం నగరం వైపు వెళ్లొద్దు. షిప్పు ఆగేది విల్లింగ్డన్ ఐలాండ్ దగ్గర. అది దేవుడు చేసిన దీవి కాదు. రాబర్ట్ బ్రిస్టో అనే ఇంజనీరు హార్బర్ కోసం నీళ్ల అడుగున తవ్వించి, ఆ మట్టి పోయించి చేసిన దీవి. అక్కణ్నుంచి తోప్పుంపడి మీదుగా పాత కొచ్చి పేటలు మట్టాంచేరి, ఫోర్ట్ కొచ్చి ఆటోలో అరగంట. సాయంత్రం దాకా ఒకే ఆటో మాట్లాడుకోండి. ‘షాపుల దగ్గర ఆపకూడదు’ అని ఎక్కక ముందే చెప్పండి, లేకపోతే కమీషన్ ఇచ్చే ప్రతి కొట్టూ చూపిస్తాడు.

అత్తగారికి మట్టాంచేరిలోనే వెంకటేశ్వరస్వామి ఉన్నాడు. గోవాలో పోర్చుగీసు వాళ్ల బాధ పడలేక తరలివచ్చిన కొంకణీల గుడి, పేరు కూడా తిరుమల దేవస్వమే. గురువాయూరప్ప బదులు వెంకన్న అంటే ఏ అత్తగారు కాదంటారు? మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి దిగీదిగగానే అక్కడికే పోండి. మీవారి సంచిలో ఒక పంచె పెట్టండి. కేరళ గుళ్లలో చొక్కా విప్పమనడం మామూలే.

తర్వాత యూదుల వీధి. 1568లో కట్టిన సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనా మందిరంలో, తల పైకెత్తి షాండ్లియర్లు చూసి వచ్చేస్తారు అందరూ. మీరు కిందికి చూడండి. చైనా నుంచి తెప్పించిన నీలం, తెలుపు పలకలు, చేత్తో వేసిన బొమ్మలు. ఏ రెండూ ఒకలా ఉండవంటారు. బాబుకు ఆ పని అప్పజెప్పండి, ఒకేలాంటివి రెండు పట్టుకుంటే ఐస్‌క్రీమ్ అని. చెప్పులు విప్పాలి, నిక్కర్లతో రానివ్వరు. శనివారం మూసి ఉంటుంది. పక్కనే ఉన్న మట్టాంచేరి ప్యాలెస్‌కు శుక్రవారం సెలవు. మీ షిప్పు ఏ రోజు ఆగుతుందో ముందే చూసుకోండి. ప్యాలెస్‌లో రామాయణం గోడబొమ్మలు బాగుంటాయి, కాకపోతే మెట్లెక్కాలి. అత్తగారిని కింద నీడలో కూర్చోబెట్టి మీరు చూసి రండి.

భోజనానికి మట్టాంచేరి బిర్యానీ తినొచ్చు. మన బాస్మతి కాదు, చిట్టిగింజ కైమ బియ్యం. కారం తక్కువ, పక్కన ఖర్జూరం చట్నీ. ‘ఇదేం బిర్యానీ’ అని హైదరాబాదీ రోషం చూపించకండి, రెండో ముద్దకు బాగుంటుంది. మాంసం తినని వాళ్లకు గుజరాతీ వీధిలో శాకాహార హోటళ్లున్నాయి.

చివరికి ఫోర్ట్ కొచ్చిలో చైనా వలలు. నీళ్లలోకి వంగిన పెద్ద కర్రల చట్రం. దాని వెనక తాళ్లకు వరసగా బండరాళ్లు వేలాడుతుంటాయి. నలుగురైదుగురు తాడు లాగితే వల లేస్తుంది, రాళ్లు ఒక్కొక్కటీ చప్పుడు చేస్తూ నేలకు దిగుతాయి. అంత ఆర్భాటానికీ పడేది గుప్పెడు చేపలు. ‘రండి, మీరూ లాగండి’ అని పిలుస్తారు. అది ఊరికే కాదు, బాబు లాగాక ఒక నోటు ఇవ్వాలి. కథాకళి మాత్రం ఈసారికి లేదు. అక్కడ మేకప్ మొదలయ్యేవేళకు మీరు షిప్పులో ఉండాలి.

ఇక లులు మాల్. అది మీ కూకట్‌పల్లిలోనే ఉంది కదమ్మా!

ఒరిజినల్ ఆధార్, షిప్పు వాళ్లిచ్చిన కార్డు మీ దగ్గరే ఉంచుకోండి. పోర్టు గేటులో మళ్లీ అడుగుతారు.

ప్రశ్న: అందరూ దిగిపోతే నేనొక్కణ్నీ షిప్పులో ఉండిపోవాలనిపిస్తుంది. డబ్బు దండగ అని పిల్లలు పోరుతున్నారు.
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, మలక్‌పేట

జవాబు: పోరనివ్వండి. ఒడ్డున ఆగినప్పుడు షిప్పులో షాపులు సాధారణంగా మూసేస్తారు. కానీ స్విమ్మింగ్ పూల్ దాదాపు మీ ఒక్కరిదే, లిఫ్టు కోసం నిలబడక్కర్లేదు. కొచ్చి అయితే ఒక్క పని చేయండి. సాయంత్రం కదిలేటప్పుడు పై డెక్ మీద ఎడమవైపు రెయిలింగ్ పట్టుకుని నిలబడండి. ఫోర్ట్ కొచ్చి పక్క నుంచే సముద్రంలోకి దారి. పిల్లలు ఎండలో చెమటలు కక్కుతూ చూసొచ్చిన ఆ వలలు మీకూ కనిపిస్తాయి. పైగా, ఆ వేళకు వాళ్లు గదిలో కాళ్లు పిసుక్కుంటూ ఉంటారు.