నీలం కాంతి ఒక్కటే చాలలేదు

ప్రశ్న: డీవీడీనీ బ్లూ-రే డిస్కునూ పక్కపక్కన పెట్టి చూశాను. సైజులోనూ మందంలోనూ తేడా లేదు. కానీ ఒక పొరలో డీవీడీకి 4.7 జీబీ, బ్లూ-రేకి 25 జీబీ పడుతుందట. నీలం లేజర్ వల్లే అంటారు. రంగు మారితేనే ఇంత తేడా వస్తుందా? మా డీవీడీ ప్లేయర్‌లో బ్లూ-రే ఎందుకు ప్లే అవ్వదు?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ అనుమానం నిజమే. నేనూ చాలాకాలం అంతా నీలం కాంతి వల్లే అనుకున్నాను. ఒకరోజు కాగితం మీద లెక్క వేస్తే 12 జీబీ దగ్గరే ఆగిపోయింది. మిగతా 13 ఎక్కడిదో తెలిశాక ఈ డిస్కు మీద నాకు గౌరవం పెరిగింది.

డిస్కు లోపల కంటికి కనిపించనంత చిన్న గుంటలు ఒకే చుట్టుదారిలో వరుసగా ఉంటాయి. గుంట మొదలైనచోటా ముగిసినచోటా తిరిగొచ్చే కాంతి మారుతుంది. ఆ మార్పులనే ప్లేయర్ చదువుతుంది. లేజర్ చుక్క ఎంత చిన్నదైతే గుంటలు అంత చిన్నవిగా, దగ్గరదగ్గరగా పెట్టొచ్చు. డీవీడీ ఎర్ర లేజర్ తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లు, బ్లూ-రేది 405. చుక్క పొడవులోనూ వెడల్పులోనూ తగ్గుతుంది కాబట్టి లాభం సుమారు 2.6 రెట్లు. 4.7ని దానితో హెచ్చిస్తే 12 వస్తుంది. రంగు ఇచ్చేది అంతే.

మిగతాది లెన్స్ పని. కాంతిని ఎంత వెడల్పైన కోణం నుంచి ఒకచోటికి చేరిస్తే చుక్క అంత సన్నబడుతుంది. దీని కొలతను న్యూమరికల్ అపెర్చర్ అంటారు. డీవీడీకి 0.60, బ్లూ-రేకి 0.85. ఇక్కడ మరో రెండు రెట్లు కలిసొచ్చి 24 దాటుతుంది. కాగితం మీద ఈ అంకె చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది. దీనికి సాక్ష్యం కూడా ఉంది. బ్లూ-రేతో పోటీపడిన హెచ్‌డీ డీవీడీలోనూ ఇదే నీలం లేజర్. కానీ లెన్స్ 0.65 దగ్గరే ఉంది, అందుకే ఒక పొరలో 15 జీబీయే పట్టింది. 2008 ఫిబ్రవరిలో తోషిబా దాన్ని ఆపేసింది.

మరి ఆ 0.85 లెన్స్‌ను హెచ్‌డీ డీవీడీ వాళ్లూ పెట్టుకోవచ్చు కదా అంటారేమో. పెడితే ఇంకో చిక్కు. అంత వెడల్పు కోణంలో డిస్కు కాస్త వంగినా చుక్క చెదిరిపోతుంది. కాంతి దాటాల్సిన ప్లాస్టిక్ పలుచగా ఉంటేనే ఆ చెదురు తగ్గుతుంది. డీవీడీలో గుంటలు 0.6 మిల్లీమీటర్ల లోతున, అంటే డిస్కు మందానికి సరిగ్గా మధ్యలో ఉంటాయి. బ్లూ-రేలో వాటిని మెరిసే వైపు నుంచి 0.1 మిల్లీమీటరు దూరానికి తెచ్చేశారు. నా దృష్టిలో అసలు సాహసం ఇదే. పైన పడే గీతకూ లోపలి సినిమాకూ మధ్య అంత పలుచటి పొరే మిగిలింది. ఆ భయంతోనే మొదట్లో డిస్కును ప్లాస్టిక్ డబ్బాలో బిగించారు. గట్టి పూత వచ్చాక డబ్బా అవసరం లేకపోయింది.

పూత ఉంది కదా అని అశ్రద్ధ చేయకండి. తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పొద్దు. అడ్డంగా పడ్డ గీత ఒక్కో చుట్టులో కొంచెమే పాడుచేస్తుంది, దాన్ని తప్పులు సరిదిద్దే కోడ్ పూరించగలదు. ట్రాక్ వెంట, అంటే గుంటల చుట్టుదారి వెంట పడ్డ గీత వరుసగా చాలా మేర మింగేస్తుంది.

ఇంత చోటున్నా సినిమా ఉన్నదున్నట్టు పట్టదు. రెండు గంటల ఫుల్ హెచ్‌డీ బొమ్మను కుదించకుండా రాస్తే సుమారు 1,000 జీబీ అవుతుంది. హెచ్.264 లాంటి పద్ధతులు ఒక ఫ్రేమ్‌కీ తర్వాతి ఫ్రేమ్‌కీ మారిన భాగాన్నే ఎక్కువగా రాసిపెట్టి, రెండు పొరల 50 జీబీలో సరిపెడతాయి.

ఇక మీ ప్లేయర్ సంగతి. డీవీడీలో పక్కపక్క ట్రాకుల మధ్య దూరం 0.74 మైక్రాన్లు, బ్లూ-రేలో 0.32. మీ ప్లేయర్ ఎర్ర చుక్క ఒక్కసారే పక్క ట్రాకుల మీద కూడా పడుతుంది, ఏ గుంట ఏ వరుసదో దానికి తెలియదు. పైగా దాని లెన్స్ 0.6 మిల్లీమీటర్ల లోతుకు తయారైంది. బ్లూ-రే ప్లేయర్ మీ డీవీడీలను ఆడిస్తుందంటే, అందులో నీలం లేజర్‌తో పాటు ఎర్ర లేజర్ కూడా విడిగా పెట్టబట్టే.