సమాధానం: జింక్ ఉంది, సీసం లేదు, డ్రిల్ ఎక్కడ?

డోలమైట్ (సున్నపురాయి లాంటి రాయి) కొండ కింద వాగు మట్టిలో జింక్ బాగా వచ్చింది, సీసం మామూలే, అక్కడే డ్రిల్ చేయాలా అని అడిగారు. ఇప్పుడే వద్దండీ. స్ఫాలరైట్ (జింక్ ఖనిజం) శిథిలమైతే జింక్ నీటితో కదిలిపోతుంది. డోలమైట్ లాంటి కార్బొనేట్ రాయి అక్కడ పుట్టే ఆమ్లాన్ని విరిచేస్తుంది కాబట్టి ఆ ప్రయాణం కొంత తగ్గుతుంది, అంతే. సీసం మాత్రం సెరుసైట్‌గా (సీసం కార్బొనేట్) మారి, గెలీనా (సీసం అసలు ఖనిజం) ఉన్న చోటుకు దగ్గరలోనే ఉండిపోతుంది.

ముందు అదే శాంపిల్‌లో మాంగనీస్ చూడండి. గులకరాళ్ల మీది నల్లటి మాంగనీస్ పూత జింక్‌ను పట్టేస్తుంది. రెండూ కలిసి పెరిగితే ఆ జింక్ అంకెను అంతగా నమ్మలేం.

తర్వాత వాలు వెంట పైకి మట్టి తీస్తూ వెళ్లండి. సీసం పెరిగిన చోటే ట్రెంచ్ (కందకం) వేయండి. పల్నాడులో బండ్లమోటు సీసం కూడా డోలమైట్‌లోదే, ఆశ వదులుకోకండి.