అభివృద్ధి ఆర్థికవేత్త కావాలంటే ముందు గణితం

ప్రశ్న: డిగ్రీ ఎకనామిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. పేదరికం, విద్య, ఆరోగ్య పథకాలపై పనిచేసే ఆర్థికవేత్త కావాలన్నది నా కోరిక. డెవలప్‌మెంట్ స్టడీస్‌లో పీజీ చేస్తే సరిపోతుందా?

జవాబు: ఆ ఒక్క పీజీతో ఆర్థికవేత్త ఉద్యోగం రావడం కష్టం. అందులో రాజకీయాలు, సమాజశాస్త్రం, పాలన ఎక్కువ; ఎకనోమెట్రిక్స్ (ఆర్థిక ప్రశ్నలను గణాంకాలతో తేల్చే శాస్త్రం) చాలాచోట్ల ఒకటి రెండు పేపర్లతో సరిపెడతారు. ప్రాజెక్టుల నిర్వహణ వైపు వెళ్లేవారికి అది మంచి చదువే. మీరు కోరుకుంటున్న వృత్తిలో మాత్రం రోజూ తేల్చాల్సింది ఒకటే: మార్పు పథకం వల్లే వచ్చిందా, పథకం లేకపోయినా వచ్చేదా?

మెక్సికోలో 1997లో మొదలైన ప్రొగ్రెసా నగదు బదిలీ పథకాన్నే చూడండి. 506 గ్రామాలను లాటరీ పద్ధతిలో విడదీసి, 320 గ్రామాలకు ముందుగా, 186 గ్రామాలకు తర్వాత అమలు చేశారు. ఈ రెండు వర్గాలను పోల్చడం వల్లే పిల్లలు బడిలో చేరడంపై పథకం ప్రభావం ఎంతో తేలింది. లాటరీ కుదరనిచోట డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్ (పథకం ఉన్నచోట, లేనిచోట వచ్చిన మార్పులను పోల్చడం), రిగ్రెషన్ డిస్‌కంటిన్యుటీ (అర్హత గీతకు కాస్త ఇటూ అటూ ఉన్నవారిని పోల్చడం) లాంటి పద్ధతులు వాడతారు. వీటిని అర్థం చేసుకుని వాడాలంటే మల్టీవేరియబుల్ కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్ డిగ్రీలోనే పూర్తిచేయండి. పీహెచ్‌డీ ఆలోచన ఉంటే రియల్ అనాలిసిస్ (కాలిక్యులస్‌ను రుజువులతో నేర్పే గణితం) కూడా. కాలేజీలో ఈ పేపర్లు లేకపోతే పరీక్ష పెట్టి మార్కులిచ్చే ఆన్‌లైన్ కోర్సులు తీసుకోండి. అడ్మిషన్ కమిటీలు చూసేది మార్కులనే.

పీజీకి ఎకనామిక్స్‌నే ఎంచుకోండి. స్వతంత్రంగా పరిశోధన చేసే ఉద్యోగాలకు, యూనివర్సిటీలకు సాధారణంగా పీహెచ్‌డీ అవసరం. అమెరికాలో దీనికి సాధారణంగా అయిదారేళ్లు పడుతుంది. అక్కడి మంచి యూనివర్సిటీల్లో సీటు వస్తే ఫీజు మినహాయింపు, స్టైపెండ్ దొరుకుతాయి. మాస్టర్స్‌కు ఎక్కువగా సొంత డబ్బే పెట్టాలి కాబట్టి అప్పు చేసేముందు బాగా ఆలోచించండి.

పీజీకి, పీహెచ్‌డీకి మధ్య జే-పాల్, ఇన్నొవేషన్స్ ఫర్ పావర్టీ యాక్షన్ లాంటి, పేదరిక పథకాల ప్రభావాన్ని కొలిచే పరిశోధన సంస్థల్లో ఏడాది, రెండేళ్లు రీసెర్చ్ అసోసియేట్‌గా పనిచేయడం ఎంతో మేలు. ఎంపికలో సాధారణంగా డేటా టెస్ట్ ఉంటుంది. చాలామంది తప్పు చేసేది అక్కడే, అదీ కష్టమైన లెక్కల్లో కాదు. 'జవాబు లేదు' అనడానికి వేసిన -99ని అసలు సంఖ్యగా వదిలేస్తారు. ఒకే ఐడీ రెండుసార్లు ఉందో లేదో చూడకుండా ఫైళ్లు కలిపేస్తారు. స్టేటా అనే గణాంక సాఫ్ట్‌వేర్ ఖాళీ విలువను అన్ని సంఖ్యల కన్నా పెద్దదిగా లెక్కిస్తుంది. 'ఆదాయం 10,000 కంటే ఎక్కువ' అని వడపోస్తే ఆదాయం చెప్పని కుటుంబాలూ సంపన్నుల్లో చేరిపోతాయి. పథకం గ్రామాలవారీగా ఇచ్చినప్పుడు స్టాండర్డ్ ఎర్రర్లను (అంచనాలో ఎంత తేడా ఉండవచ్చో చెప్పే కొలతలను) గ్రామస్థాయిలో క్లస్టర్ చేయకపోతే, అంటే ఒకే గ్రామంలోని కుటుంబాలను ఒక గుంపుగా లెక్కించకపోతే, లేని ప్రభావం ఉన్నట్టు కనిపించే ప్రమాదం ఉంది. తప్పుడు లెక్క ఆధారంగా పథకం ఆగిపోతే నష్టపోయేది పేద కుటుంబాలే. అందుకే ఈ జాగ్రత్తను చిన్న విషయంగా తీసుకోవద్దు.

ఉద్యోగాల సంగతీ తెలుసుకోండి. 2025లో అమెరికా ప్రభుత్వ విదేశీ సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ మూతపడటంతో దాని నిధులతో నడిచిన సర్వేలు, ప్రాజెక్టులు చాలా ఆగిపోయాయి. అంతర్జాతీయ సంస్థలనే నమ్ముకోకుండా ప్రభుత్వ శాఖలు, కేంద్ర బ్యాంకులు, గణాంక సంస్థల వైపు కూడా చూడండి. అక్కడ నేర్చుకున్న డేటా నైపుణ్యం ఎక్కడైనా పనికొస్తుంది.

ఈ సెలవుల్లో ప్రపంచ బ్యాంకు మైక్రోడేటా లైబ్రరీ (సర్వేల అసలు డేటా దొరికే వెబ్‌సైట్)లో రిజిస్టర్ చేసుకుని, జీవన ప్రమాణాలను కొలిచే ఎల్‌ఎస్‌ఎంఎస్ కుటుంబ సర్వే ఒకటి డౌన్‌లోడ్ చేయండి. దానిపై ప్రచురితమైన పేపర్‌లోని ఒక్క పట్టికను ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోగానీ స్టేటాలోగానీ మళ్లీ తయారుచేయండి. అంకెలు సరిపోకపోతే ఎందుకో వెతకండి. కోడ్‌ను, రెండు పేజీల వివరణను దాచుకుంటే దరఖాస్తుకు జతచేయవచ్చు.