రికార్డు ప్లేయర్ బెల్టు మార్చినా పాట నెమ్మదిగా సాగుతోందంటే పుల్లీ చూడండి

కొనబోయే రికార్డు ప్లేయర్‌కి కొత్త బెల్టు వేసినా పాట నెమ్మదిగానే వస్తోందని అడిగారు; తప్పు బెల్టుది కాదండీ. మీరు అమలాపురంలో బేరమాడుతున్నది అమెరికా నుంచి తెచ్చిన సెట్టు అన్నారు కదా. దాని ఏసీ మోటారు 60 హెర్ట్జ్‌ది, మన కరెంటు 50; హెర్ట్జ్ అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులే తగ్గిస్తుంది, హెర్ట్జ్‌ని ముట్టుకోదు. అందుకే మోటారు మెల్లగా తిరుగుతుంది; మోటారు కడ్డీ మీద ఉండి బెల్టును తిప్పే చిన్న చక్రం, అంటే పుల్లీ, 60కి సరిపడా చేసినదే.

1. అందరూ వదిలేసేది ఇదే: డబ్బులిచ్చే ముందు చుట్లు లెక్కపెట్టండి. రికార్డు పెట్టే పళ్లెం అంచున కాగితం ముక్క అతికించి, స్పీడు 33 మీద ఉంచి, రికార్డు మీద సూది దించి, ఫోన్‌లో 3 నిమిషాలు పెట్టండి. 100 చుట్లు రావాలి. 83 దగ్గర ఆగితే పుల్లీయే.

2. 50 హెర్ట్జ్ పుల్లీ దొరక్కపోతే లేతు పనివాడి చేత తిప్పించండి. వ్యాసం పాతదానికి సుమారు 1.2 రెట్లు.

3. లెక్క ఒక్కోసారి ఒక్కోలా వస్తే బేరింగు. పళ్లెం ఎత్తి, జిగురైన పాత నూనె స్పిరిటుతో తుడిచి, కుట్టుమిషను నూనె 2 చుక్కలు. మన చెమ్మకి ఇరుసు తుప్పు తిని గుంటలు పడి ఉంటే మాత్రం కొనకండి.