లంక పక్క ఊళ్లో నాలుగేళ్ల కారు: థర్డ్ పార్టీ చాలా, ఫుల్ ఇన్సూరెన్స్ కావాలా?

అమలాపురం దగ్గర లంకని ఆనుకున్న ఊరు, నాలుగేళ్ల పెట్రోల్ కారు, ఏజెంట్ థర్డ్ పార్టీ ఒక్కటి కట్టేస్తే చాలంటున్నాడు, ఏం చేయమంటారు అని అడిగారు. మీ ఊరికి ఆ సలహా పనికిరాదండి.

థర్డ్ పార్టీ చట్ట ప్రకారం ఎలాగూ కట్టాల్సిందే. మీ కారు వల్ల ఎదుటివాళ్లకి ప్రాణనష్టమో గాయాలో అయితే కోర్టు తేల్చినంతా కంపెనీ ఇస్తుంది, వాళ్ల ఆస్తికైతే 7.5 లక్షల దాకా. మీ కారు కాలవలోకి దిగినా, దాని మీద కొబ్బరిచెట్టు పడినా రూపాయి రాదు. మన వైపు భయమంతా నీళ్లతోనూ గాలితోనూ కదా!

మాది పాలకొల్లు. ఈదురుగాలికి మా కారు మీద కొబ్బరి గెల పడి బానెట్ నొక్కుకుపోయింది, ముందు అద్దం పగిలింది. ఫుల్ ఇన్సూరెన్స్, అంటే మన కారు నష్టానికీ ఇచ్చేది, ఉంది కాబట్టి కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టే సర్వేయర్ షెడ్డుకొచ్చి చూసి క్లెయిమ్ పాస్ చేశాడు. అద్దానికి తరుగు తీయలేదు. బానెట్‌కి కారు వయసును బట్టి కొంత, ప్లాస్టిక్ సామాన్లకి సగం కోశారు. ఆ కోత లేకుండా ఇచ్చే అదనపు కవరే జీరో డెప్. ఉంటే మంచిదే. కానీ డబ్బు చూసుకోవాలంటే నేను దాన్ని వదిలేసి ఇంజన్ ప్రొటెక్ట్ తీసుకుంటాను.

ఎందుకంటే, 2022 జులై వరదకి మా బావగారి కారు ఇంటి ముందే మునిగింది. నీళ్లు తీశాక ఆయన తాళం తిప్పలేదు. బ్యాటరీ వైరు తీయించి, బండి మీదకి ఎక్కించి షెడ్డుకి పంపారు. సీట్లకి, వైరింగుకి డబ్బులొచ్చాయి. అదే వీధిలో ఇంకొకాయన పనిచేస్తుందో లేదో చూద్దామని స్టార్ట్ చేశారు. సిలిండర్లలో నీళ్లుండటంతో రాడ్లు వంగిపోయాయి. వరద నష్టం ఇస్తాం గానీ, నీళ్లున్న ఇంజన్ తిప్పడం వల్ల పాడైంది ఇవ్వం అన్నారు. పాపం, ఇంజన్ ఖర్చంతా ఆయనే పెట్టుకున్నారు. ఇంజన్ ప్రొటెక్ట్ ఇలాంటి నష్టానికే. అందులోనూ కంపెనీకో షరతు ఉంటుంది, కట్టేముందు చదవండి. అది ఉన్నా సరే, మునిగిన కారుని మాత్రం స్టార్ట్ చేయకండి.

ప్రీమియం తగ్గుతుందని ఐడీవీ, అంటే పాలసీలో మీ కారుకి కట్టే విలువ, తగ్గించమంటే ఒప్పుకోకండి. కారు మొత్తం పోతే చేతికొచ్చేది దాన్ని బట్టే. రెన్యూవల్ తేదీ దాటి 90 రోజులైతే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది, అదీ చూసుకోండి.

ఒకవేళ ఏజెంట్ ఈపాటికే థర్డ్ పార్టీ కట్టేసి ఉంటే టెన్షన్ పడకండి. 2019 నుంచి ఓన్ డ్యామేజ్ పాలసీ, అంటే మీ కారు నష్టానికి మాత్రమే ఇచ్చేది, విడిగా ఇస్తున్నారు, వేరే కంపెనీలోనైనా తీసుకోవచ్చు. మధ్యలో గ్యాప్ వస్తే కారుని చూసి గానీ ఇవ్వరు, కాబట్టి గోదావరికి నీళ్లు రాకముందే ఆ పని చేయించుకోండి.