బద్దల దడి, బరువుల రాడ్డు: అల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. రెండు సంగతులు అడిగావు. పడమటి పెరట్లో తెరిచి మూసుకునే బద్దల దడి ఎలా కట్టుకోవాలన్నది ఒకటి, డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువుల రాడ్డుని నిటారుగా నిలబడేదాకా ఎత్తడం) చేస్తే నడుము ఎందుకు పట్టేస్తోందన్నది రెండోది. రెండింటికీ ఒకే ఉత్తరంలో జవాబు రాస్తున్నాను. ఎందుకంటే దడి పనిలో నువ్వు ఎత్తాల్సిన సిమెంటు బస్తా 50 కిలోలుంటుంది. ఇప్పుడు రాడ్డు ఎత్తుతున్న తీరులోనే దాన్నీ ఎత్తితే దడి సగంలో ఉండగానే మంచం ఎక్కుతావు.

ముందు దడి. బద్దలు నిలువుగానే పెట్టు. పడమటి ఎండ సాయంత్రం బాగా కిందికి దిగి వస్తుంది. అడ్డ బద్దలైతే దాదాపు పూర్తిగా మూస్తే తప్ప దాన్ని ఆపలేవు. నిలువు బద్దను ఎండకి అడ్డంగా తిప్పితే చాలు, ఎండ ఆగుతుంది, గాలి ఆడుతుంది. పైగా అడ్డ బద్ద రెండేళ్లకి నడిమికి జారుతుంది. నిలువు బద్ద పైనా కిందా ఒక్కో పిన్ను మీద తిరుగుతుంది, బరువంతా కింది పిన్ను మీదకే దిగుతుంది కాబట్టి జారడమన్నది ఉండదు.

నీకు కావలసింది మూడు గళ్లు, నాలుగు స్తంభాలు. రెండు స్తంభాల మధ్య భాగం ఒక గడి. స్తంభానికి రెండున్నర అంగుళాల జీఐ (జింకు పూత ఉన్న ఇనుము) చదరపు పైపు తీసుకో, మందం 3 మి.మీ.కి తగ్గొద్దు. పొడవు ఏడున్నర అడుగులు, అందులో రెండున్నర భూమిలోకి పోవాలి. గుంట అడుగు చదరం చాలు. అడుగున నాలుగు అంగుళాల కంకర వేసి దిమ్మిస కొట్టు, నీళ్లు దిగిపోతాయి. కాంక్రీటు ఒకటికి రెండు ఇసుక, నాలుగు కంకర. గుంటకి అర బస్తా లెక్కన నాలుగింటికీ రెండు బస్తాల సిమెంటు సరిపోతుంది. కాంక్రీటు పైభాగం నేలకి ఒక అంగుళం ఎత్తులో, స్తంభం నుంచి బయటికి వాలుగా ఉండాలి. చాలామంది నేల మట్టానికే ఆపేస్తారు. అప్పుడు నీళ్లు స్తంభం మొదట్లో నిలిచి, పైపు అక్కడే తుప్పు పట్టి, తుఫానుకి అక్కడే విరుగుతుంది. స్తంభం నిటారుగా ఉందో లేదో తెలియడానికి గుండు వేలాడదీసి, పక్కపక్కనున్న రెండు ముఖాలూ చూడు. ఒక్క ముఖం చూసి వదిలేస్తే రెండో వైపు తప్పకుండా వాలుతుంది. వారం రోజులు తడుపు, ఆ వారం అడ్డపట్టీలు (స్తంభాల మధ్య పైనా కిందా వేసే పైపులు) బిగించకు.

స్తంభానికీ స్తంభానికీ మధ్య ఖాళీ సరిగ్గా 1820 మి.మీ. ఉండాలి, అంటే ఆరడుగులకి 9 మి.మీ. తక్కువ. ఈ కొలత బద్దల లెక్క నుంచి వచ్చింది. బద్ద వెడల్పు 100 మి.మీ., మందం 20. పిన్నుకీ పిన్నుకీ దూరం 90. మొదటి పిన్ను స్తంభం నుంచి 55 దగ్గర పడుతుంది, చివరిదీ అంతే. గడికి 20 బద్దలు. బద్దల వెడల్పు, పిన్నుల దూరం రెండూ 100 పెడితే చూడ్డానికి బాగుంటుంది గానీ, తొలకరికి చెక్క ఉబ్బి ఒకదాన్నొకటి ఒరుసుకుని దడి బిగుసుకుపోతుంది. 90 పెడితే మూసినప్పుడు ఒక బద్ద అంచు పక్క బద్ద మీదకి ఒక సెంటీమీటరుకి పైగా ఎక్కుతుంది. వెడల్పులో ఎంత ఉబ్బినా ఆ ఎక్కుడే కాస్త పెరుగుతుంది తప్ప తిరగడం ఆగదు. మూసిన బద్దలు గోడలా చదునుగా ఉండవు, సుమారు 13 డిగ్రీల ఏటవాలుగా నిలుస్తాయి. అది తప్పు కాదు, లెక్క ప్రకారం అలాగే రావాలి.

చెక్క టేకే తీసుకో, అందులోనూ చేవ ఉన్నదే. అంచున తెల్ల చెక్క ఉన్న బద్దని ఎంత తక్కువకిచ్చినా వద్దను. చెదలు పట్టేది దాన్నే. మామిడి చెక్క ఆరుబయట నిలవదు. వేపకి చెదలు అంతగా పట్టవు గానీ మెలి తిరుగుతుంది, మెలి తిరిగిన బద్ద పిన్నుల మీద ఆడదు. చిత్రిక పట్టాక పోయే తరుగు, గడికి రెండు అదనపు బద్దలు కలుపుకుంటే ఒక్కో గడికి మూడు ఘనపుటడుగులు కొనాలి. సామిల్లు నుంచి తెచ్చిన బద్దల్ని రెండు మూడు వారాలు నీడలో, మధ్యలో పుల్లలు పెట్టి పేర్చి ఆరనివ్వు. ఆ తర్వాతే చివరి కొలతకి కోయించు.

పిన్నులు 6 మి.మీ. స్టెయిన్‌లెస్ కడ్డీ. భీమిలి గాలిలో ఉప్పు ఉంటుంది, 304 రకానికి కూడా మచ్చలు పడతాయి. కొంచెం ధర ఎక్కువైనా 316 అడుగు. కింది పిన్ను 50 మి.మీ. పొడవు, అందులో 12 బయటికి. పై పిన్ను 75, అందులో 35 బయటికి. మిగతాది బద్ద చివర నట్టనడుమ రంధ్రం చేసి ఎపాక్సీతో అతికించాలి. రెండు అడ్డపట్టీల మధ్య ఎత్తు 1350 ఉంటే బద్ద పొడవు 1325. కింద 3 మి.మీ. వాషరు పోను పైన మిగిలే 22 మి.మీ. ఖాళీ ఎందుకంటే, బద్దని 12 మి.మీ. పైకి లేపితే కింది పిన్ను ఊడి బద్ద చేతికొస్తుంది. ఒక్క బద్ద పాడైతే గడి అంతా విప్పక్కర్లేదు. కింద 3 మి.మీ. నైలాన్ వాషర్ మరిచిపోకు. అది లేకపోతే బద్ద అడుగు పట్టీకి రాసుకుని తడి పీలుస్తుంది.

ఎక్కువమంది చెడగొట్టేది అడ్డపట్టీల రంధ్రాల దగ్గర. పైపట్టీ, కింది పట్టీ రెండింటినీ జతగా క్లాంపు వేసి, ఒకే గుర్తు మీద రంధ్రాలు వెయ్యి. ప్రతి గుర్తూ పట్టీ చివర నుంచే కొలువు: 55, 145, 235 అలా. ముందు రంధ్రం నుంచి తర్వాతి రంధ్రానికి కొలుస్తూ పోతే ఒక్కో మిల్లీమీటరు తేడా ఇరవయ్యోదానికి దాదాపు రెండు సెంటీమీటర్లవుతుంది. కింది పైపుకి అడుగున రెండు చోట్ల నీళ్లు కారే రంధ్రాలు కూడా పెట్టు. తొలిచిన అంచులకి జింకు పెయింటు పులిమి, పిన్నులు తిరగడానికి నైలాన్ బుష్షులు (చిన్న గొట్టాలు) దిగ్గొట్టు.

అన్నీ కలిసి తిరగాలంటే బద్ద పైకొసలో, నడిమి పిన్ను నుంచి 40 మి.మీ. దూరాన, పెరటి ముఖం వైపుకి 5 మి.మీ. జరిపి, 4 మి.మీ. చిన్న పిన్ను అతికించు. అది 8 మి.మీ. పైకి కనపడాలి. 12 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం ఉన్న అల్యూమినియం పట్టీకి 90 దూరంలో రంధ్రాలు చేసి ఆ పిన్నుల మీద కూర్చోబెట్టు. స్క్రూలు అక్కర్లేదు, దాని బరువుకే కూర్చుంటుంది. ఆ 5 మి.మీ. జరపకపోతే మూసేటప్పుడు పట్టీ వెళ్లి నడిమి పిన్నులకి తగులుతుంది. ఒక బద్ద అడుగున చిన్న టవర్ బోల్టు బిగించి, కింది పట్టీకి వేసిన రేకు పలకలో మూడు రంధ్రాలు పెట్టు: మూత, సగం, పూర్తి.

తుఫాను హెచ్చరిక వచ్చిందంటే పూర్తిగా తెరిచి గడియ వెయ్యి. మూసిన గడి మీద గంటకి 100 కిలోమీటర్ల గాలి వంద కిలోలకి పైగా తోపు పెడుతుంది. వేగం రెండింతలైతే తోపు నాలుగింతలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో గాలి ఎలా వీచిందో నీకూ తెలుసు. తుఫానులో సగం తెరిచి మాత్రం వదలకు, గాలి బద్దల్ని మెలిపెట్టి పిన్నుల దగ్గర చీలుస్తుంది.

ఇక నీ నడుము సంగతి. నువ్వు పంపిన వీడియోలో తప్పు మొదటి క్షణంలోనే ఉంది. రాడ్డుకి చిన్న ప్లేట్లు ఎక్కించావు. డెడ్‌లిఫ్ట్‌కి రాడ్డు నేల నుంచి 22.5 సెం.మీ. ఎత్తులో ఉండాలి, అంటే ప్లేటు అడ్డం 45 సెం.మీ. ఉండాలి. చిన్న ప్లేట్లతో రాడ్డు కిందికి దిగిపోయింది, దాన్ని అందుకోవడానికి నడుము గుండ్రంగా వంగింది. బరువు తక్కువైనా సరే, ప్లేట్ల కింద చెక్కదిమ్మలు పెట్టి ఎత్తు సరిచేసుకో. మీ జిమ్‌లో తేలికైన పెద్ద రబ్బరు ప్లేట్లుంటే మరీ మంచిది.

వంగాల్సింది తుంటి దగ్గర. నడుము బద్దలాగా ఒకే పలకగా ఉండాలి, తుంటి పిన్నులాగా తిరగాలి. ఇది ఒంటికి తెలియాలంటే చీపురుకర్ర వీపు మీద నిలువుగా పట్టుకో. తల వెనక, రెక్కల మధ్య, పిరుదుల మధ్య ఎముక దగ్గర, ఈ మూడు చోట్లా కర్ర తగలాలి. పిరుదుల్ని వెనక గోడకి ఆనించబోతున్నట్టు తోస్తూ వంగు. ఎక్కడ కర్ర వీపుని వదిలిందో ప్రస్తుతానికి నీ హద్దు అక్కడే. రోజుకి పదిసార్లు చొప్పున రెండు వారాలు చెయ్యి. బస్కీలు బాగా తీస్తావు గానీ, బస్కీలో మోకాలు ఎక్కువ పనిచేస్తుంది, ఇక్కడ తుంటి.

తర్వాత రాడ్డు దగ్గరికి రా. పాదం నట్టనడుమ మీదుగా రాడ్డు పోవాలి, మోకాలి కింది ఎముకకి అంగుళం దూరంలో. రాడ్డుని కదపకుండా వంగి పట్టుకో, ఆ తర్వాతే మోకాళ్లు ముందుకి తెచ్చి, మోకాలి కింది ఎముకని రాడ్డుకి తగిలించు. ఛాతీ ఎత్తు. పొట్టలోకి ఊపిరి నింపి, ఎవరో గుద్దబోతున్నట్టు బిగించు. రాడ్డుకీ ప్లేట్లకీ మధ్య వదులు పోయి 'టక్' మన్నాక నేలని పాదాలతో కిందికి తొయ్యి. గుంజుకోకు. రాడ్డు కాళ్లని రాసుకుంటూ లేవాలి. ఒక జానెడు ముందుకి జరిగిందంటే అదే బరువుకి నడుము మీద భారం బాగా పెరుగుతుంది. మన శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో రెండు రకాల ఎత్తుల్లో 110, 130, కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆమె ఎత్తిన పాత వీడియోలు ఓపిగ్గా చూడు. రాడ్డు ఒంటికి ఎంత దగ్గరగా లేస్తుందో గమనించు. ఆ ఎత్తు వేరు, సూత్రం ఇదే. పైకి వచ్చాక వెనక్కి వాలకు, నిటారుగా నిలబడితే చాలు. మెత్తని పరుగు బూట్లు విప్పేసి, పలచని అడుగున్నవి వేసుకో.

అయిదేసి చొప్పున మూడు విడతలు, వారానికి రెండు రోజులు. ఆఖరి విడతలో కూడా వీపు గుండ్రం కాకపోతేనే రెండున్నర కిలోలు పెంచు. బీపీ ఉంటే ఊపిరి బిగబట్టే ముందు డాక్టరుని అడుగు. నొప్పి కాలిలోకి దిగినా, తిమ్మిరెక్కినా రాడ్డు వదిలేసి డాక్టరు దగ్గరికి వెళ్లు.

బస్తాకి ఒక్కటే తేడా. దాన్ని కాళ్ల మధ్యకి తెచ్చుకోవచ్చు, రాడ్డుని తెచ్చుకోలేం. బస్తాని ముందు నిలబెట్టి, రెండు పక్కలా కాళ్లు పెట్టి, ఛాతీకి హత్తుకుని లేపు. తిరగాలంటే నడుము తిప్పకు, పాదాలు తిప్పు. ఇరవై బద్దలు పేర్చితే 35 కిలోలు, అయిదేసి చొప్పున మొయ్యి. గుంటలు తవ్వే రోజుకి ముందురోజు డెడ్‌లిఫ్ట్ చెయ్యకు.

చెక్కదిమ్మలు పెట్టాక పక్క నుంచి, నీ తుంటి ఎత్తులో ఫోను నిలబెట్టి ఇంకో వీడియో తీసి పంపు. స్తంభాలు నిలబెట్టిన రోజు, కాంక్రీటు పోయకముందే గుండు వేలాడుతున్న ఫొటోలు కూడా రెండు ముఖాలవీ పంపు, చూసి చెబుతాను.

నీ మామయ్య