పరిశోధకులకు ‘లబ్ధి’ చేకూరుతుందా?

సందేహం: గురువుగారూ, పోచంపల్లి చేనేత పదాల మీద పీహెచ్‌డీకి ప్రతిపాదన రాస్తున్నాను. ‘ఈ పరిశోధన ద్వారా ఇతర పరిశోధకులకు లబ్ధి చేకూరుతుంది’ అని రాస్తే మా గైడ్ ‘లబ్ధి’ కింద ఎర్రగీత గీశారు. ఉపయోగం, ప్రయోజనం, దోహదం... ఏది రాయాలో తేలక టెన్షన్‌గా ఉంది.
– పరిశోధక విద్యార్థిని, నల్లగొండ

సమాధానం: ఆ ఎర్రగీత సరైనదేనమ్మా. లబ్ధి అంటే పొందడం, లాభం. తప్పు మాటేమీ కాదు గానీ, ఇవాళ అది వినగానే పింఛన్ల లబ్ధిదారుల జాబితా గుర్తొస్తుంది. మీ సేకరణను చదివేవారు దాంతో మరో పని మొదలుపెడతారు. ఆ సంగతి ‘లబ్ధి’లో పలకదు.

దోహదం నాకు చాలా ఇష్టమైన మాట. గర్భిణికి కలిగే కోరికను సంస్కృతంలో దోహదం అంటారు. చెట్టు పూయడానికి చేసే ఉపచారమూ దోహదమే. స్త్రీ పాదం తాకితే అశోకం పూస్తుందని కావ్యాల్లో వర్ణించేది దీన్నే. అందుకే ‘పరిశోధకులకు దోహదం’ కంటే ‘వారి అధ్యయనానికి దోహదం’ అంటే చక్కగా అతుకుతుంది.

మీ ప్రతిపాదనలో ఈ భాగం శీర్షికకు మాత్రం ‘ప్రయోజనం’ పెట్టండి. శాస్త్రగ్రంథం మొదట్లోనే విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగూ తెలియాలని మన పెద్దల నియమం. దీన్ని అనుబంధ చతుష్టయం అన్నారు. ఇక్కడ అధికారి అంటే ఆ గ్రంథం చదవడానికి తగినవాడు. మీ వాక్యంలో నాకు కనిపించని మనిషి ఆయనే. ‘ఇతర పరిశోధకులు’ అంటే ఎవరమ్మా?

ఒక ఉదాహరణ చూడండి. ‘ఆసులో కండెలా తిరుగుతున్నాడు’ అంటాం. ఆసు అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ పోసే చట్రం, కండె అంటే దారం చుట్టిన చిన్న గొట్టం. ఆసు చూడని పిల్లలకు అది వట్టి మాట. పోచంపల్లిలో ఆసు పోసే ఇల్లాలిని చూసినవారికి వేరే వివరణ అక్కర్లేదు. అర్ధవలయంగా గుచ్చిన మేకుల మధ్య, దారం పట్టిన చెయ్యి, రెక్కలు నొప్పి పుట్టేదాకా తిరుగుతూనే ఉంటుంది. తన తల్లి పడే ఈ బాధ చూడలేకే చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేశారు. యంత్రం వచ్చాక చేతిపని మాటల్లో ఏవి నిలిచాయి, ఏవి పోయాయి? మీరు ఇప్పుడు రాసిపెడితే, 1971 నాటి చేనేత వృత్తి పదకోశంతో పోల్చి చూసే భాషాశాస్త్రవేత్తకు, జాతీయాల పుట్టుక వెతికే నిఘంటుకారుడికి, చేతివృత్తుల చరిత్ర రాసేవారికి అది పనికొస్తుంది. ఆ ముగ్గురినీ పేరుపెట్టి రాయండి. ఎవరు దేనికి వాడుకుంటారో ఒక్కో వాక్యంలో చెప్పండి.

క్రియ దగ్గర మాత్రం జాగ్రత్త. శీర్షికలో ప్రయోజనం బాగుంటుంది కానీ ‘ప్రయోజనపడుతుంది’ అనం. అక్కడ ‘ఉపయోగపడుతుంది’ అనే రాయాలి.

ఇక ఆ ‘ద్వారా’. ఉత్తరం పోస్టు ద్వారా వస్తుంది, ప్రయోజనం పరిశోధన వల్ల కలుగుతుంది. గైడ్ గీత గీయకపోయినా దాన్నీ మార్చండి.